మా ఫోన్లు ఎవరు వింటున్నారో సభలో అడగండి: తెలుగు రాష్ట్రాల ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

నమస్కారం.

ఏ పార్టీ అని చూడకుండా అందరికీ కలిపే రాస్తున్నాను. తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలు, ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, రెండు మండళ్ళ సభ్యులు, లోక్‌సభలో మన 42 మంది, రాజ్యసభలో మన 18 మంది. మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు "మా ఫోన్లు వింటున్నారు" అని మైకుల ముందు వాపోయినవాళ్ళే. 2015లో ఓటుకు నోటు కేసు నడుస్తున్నప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెలంగాణ మీద ఆ ఆరోపణే చేసింది, అవతలివాళ్ళు కాదన్నారు, కొన్నాళ్ళు టీవీల్లో అదే రచ్చ, ఆ తర్వాత ఆ ఊసే లేదు. ఆ రచ్చ అంతటిలో నాకు ఒక్క ప్రశ్న మాత్రం వినబడలేదు. పదవి లేని, పార్టీ లేని మామూలు మనిషి ఫోన్ వింటే, ఆ మనిషి ఎవరికి చెప్పుకోవాలి? అసలు విన్నారని వాళ్ళకు ఎవరు చెప్పాలి?

1990ల్లో మా నాన్న బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్ నడిపేవాడు. ప్లైవుడ్ గది, అద్దం తలుపు, గోడకు ఎర్ర అంకెల మీటరు, మాట్లాడటం అయిపోగానే చిర్రుమంటూ స్లిప్పు బయటికి తోసే చిన్న ప్రింటరు. తలుపు కింద చెక్క వానకు ఉబ్బి ఎప్పుడూ పూర్తిగా మూసుకునేది కాదు. రాత్రి రేటు తగ్గాక జనం వరస కట్టేవాళ్ళు, బొంబాయిలో కొడుక్కి, దుబాయ్‌లో మొగుడికి, హైదరాబాద్ హాస్టల్లో కూతురికి. లోపల ఏడుస్తుంటే బయటికి వినబడేది. అప్పుల లెక్కలు, తప్పిపోయిన సంబంధాలు, దాచిన జబ్బులు, అన్నీ వినబడేవి. లోపలి మనిషి గొంతు తగ్గించగానే నాన్న చెయ్యి చాచి బల్ల మీద రేడియో సౌండు పెంచేవాడు, తను తలెత్తేవాడు కాదు. ఒకసారి ఒకాయన వచ్చి, తన అన్న కూతురు రోజూ ఏ నంబరుకు చేస్తోందో చూపించమన్నాడు. స్లిప్పులు గుచ్చి పెట్టుకునే కమ్మీ బల్ల మీదే ఉంది. నాన్న దాన్ని తీసి సొరుగులో పెట్టి తాళం వేసి, "అది ఆ పిల్లనే అడుగు" అన్నాడు. ఆయన మాకు చుట్టమే. ఏడాదిపాటు మా గడప తొక్కలేదు.

ఆ నాన్న లేడు ఇప్పుడు. అమ్మ ఉంది. 2024 మార్చి నుంచి రోజూ టీవీలో ట్యాపింగ్ కేసు చూసి చూసి అమ్మకు ఒక అలవాటు పట్టుకుంది. చెల్లి ఫోన్ చేసి పొలం పంపకాల సంగతో, అల్లుడితో గొడవో చెప్పబోతే "ఫోన్లో వద్దులేమ్మా, వచ్చినప్పుడు మాట్లాడుకుందాం" అంటుంది. ఆమె మాటలు ఎవరికీ అక్కర్లేదని చెప్పి చూశాను. "ఎవరికి ఏం అక్కరుంటుందో మనకేం తెలుసురా" అంది. నా దగ్గర జవాబు లేదు. చెల్లి వచ్చేది దసరాకి, సంక్రాంతికి. ఆ మధ్యలో చెప్పుకోవలసిన కష్టాలన్నీ ఇద్దరూ మింగుకుంటున్నారు. నన్ను ఈ ఉత్తరం రాయించింది నిజానికి అదే.

ఇక చట్టం సంగతికి వస్తాను. కొంచెం ఓపిగ్గా చదవండి, ఇది మీ చేతుల్లో ఉన్న పని.

పోలీసులు మా ఇల్లు సోదా చెయ్యాలంటే మా కంటికి కనబడాలి. వారెంట్ చూపించాలి, లేదా దర్యాప్తు అధికారి తను ఎందుకు వచ్చాడో ముందే కాగితం మీద కారణం రాసుకోవాలి. చుట్టుపక్కల ఇద్దరు పెద్దమనుషుల్ని పిలవాలి, పంచనామా రాయాలి, పట్టుకెళ్ళినవాటి జాబితా ఒక నకలు మాకివ్వాలి, పాత సీఆర్పీసీ స్థానంలో కొత్త నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక వీడియో కూడా తియ్యాలి. ఇన్ని ఉన్నా తప్పులు జరుగుతాయి, కాని కనీసం జరిగిందని మాకు తెలుస్తుంది, కోర్టు మెట్లెక్కడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. అదే మా ఫోన్ వినాలంటే జడ్జి అక్కర్లేదు. రాష్ట్రంలో అయితే హోంశాఖ కార్యదర్శి సంతకం చాలు. అత్యవసరమంటే ఐజీ స్థాయి పోలీసు అధికారే మొదలుపెట్టించి, ఏడు పనిదినాల్లోగా పైవాళ్ళతో ఖాయం చేయించుకోవచ్చు. ఒక ఉత్తర్వు 60 రోజులు పనిచేస్తుంది, పొడిగిస్తూ 180 రోజుల దాకా పోవచ్చు. ఇది సరిగ్గా జరిగిందా లేదా అని చూడటానికి ఒక సమీక్ష కమిటీ ఉంది. అందులో ఎవరెవరంటే ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, హోం కాకుండా ఇంకో శాఖ కార్యదర్శి. ముగ్గురూ అదే ప్రభుత్వంలో, అదే సచివాలయంలో, అదే ముఖ్యమంత్రి కింద పనిచేసేవాళ్ళు. వాళ్ళ నిజాయితీని నేను శంకించటం లేదు. కాని తన పైవాడి మాటను, పక్క గదిలో కూర్చునే సహోద్యోగి సంతకాన్ని కొట్టేయమని ఒక ఉద్యోగిని అడగటం న్యాయమా? ఆ భారం వాళ్ళ మీద పెట్టింది మన చట్టమే.

పోనీ, వాళ్ళు గట్టివాళ్ళే అనుకుందాం. లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఫోన్ ట్యాపింగ్ ఉత్తర్వులు ఇస్తోందని సమాచార హక్కు కింద వచ్చిన జవాబు 2014లో బయటికొచ్చింది. కేంద్రంలో సమీక్ష కమిటీ అంటే క్యాబినెట్ కార్యదర్శి, ఇంకో ఇద్దరు కార్యదర్శులు, రెండు నెలలకోసారి కూర్చుంటారు. అంటే ఒక్కో సమావేశం ముందు 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ (తెలంగాణ మీద వేసింది కాదు, మన వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం ఎట్లా ఉండాలో చెప్పమని కేంద్రం వేసింది) కూడా తన నివేదికలో ఈ సంఖ్యనే ఎత్తి చూపింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎనిమిది గంటలు కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నా ఒక్కో ఉత్తర్వుకు రెండు సెకన్లు రావు. మీరు ఒక పెళ్ళి శుభలేఖ చదవటానికి కూడా అంతకంటే ఎక్కువసేపే పడుతుంది.

విన్నారని మాత్రం మాకు ఎన్నటికీ చెప్పరు. వినేటప్పుడు చెప్పరు, సరే, అది అర్థమయ్యేదే. వినటం ఆపేశాక, కేసు ఏమీ లేదని తేలాక, ఏళ్ళు గడిచాక కూడా చెప్పరు. ఆరు నెలలకోసారి రికార్డులు ధ్వంసం చెయ్యాలని నిబంధన. మా మాటలు చెరిపేయటం మంచిదే, అది మేమే కోరుకోవాలి, కాని విన్నారన్న ఆనవాలు కూడా దాంతోపాటే పోతోంది. 2019 అక్టోబర్‌లో బొంబాయి హైకోర్టు ఒక వ్యాపారి ఫోన్ ట్యాప్ చేస్తూ ఇచ్చిన మూడు ఉత్తర్వుల్ని కొట్టేసింది, లంచం కేసును ప్రజా భద్రత అనటం కుదరదని చెప్పింది. చాలా మంచి తీర్పు. కాని ఆ మనిషి కోర్టుకు ఎట్లా వెళ్ళగలిగాడు? సీబీఐ ఆ సంభాషణల్ని చార్జిషీటులో పెట్టింది కాబట్టి. ఏ కేసూ లేని మనిషికి, అంటే మా అందరిలాంటివాళ్ళకు, ఆ దారి కూడా లేదు. తప్పు చేశాడని అనుమానం నిలబడినవాడికి తెలుస్తుంది, ఏ తప్పూ చెయ్యనివాడికి తెలియదు.

మన దగ్గరి కేసు చూడండి. తెలంగాణ పోలీసు శాఖలో మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టుకున్న స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో, ఎస్ఐబీ అంటాం. దాన్ని ప్రతిపక్ష నాయకుల మీద, సొంత పార్టీవాళ్ళ మీద, వ్యాపారుల మీద, జర్నలిస్టుల మీద తిప్పారని పోలీసుల అభియోగం. 2023 డిసెంబర్ 3న అసెంబ్లీ ఫలితాలు వచ్చాయి, ఆ మరుసటి రాత్రి ఆఫీసులో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని కేసు. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్లో కేసు నమోదైంది. మూసీలోంచి డిస్కుల ముక్కలు ఏరుతున్న ఫొటోలు పేపర్లలో చూశాం. ఒక న్యాయమూర్తి ఫోన్ మీద కూడా కన్నేశారన్న వార్తలు వచ్చాక 2024 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. ఇందులో ఎవరు దోషులో కోర్టు తేలుస్తుంది, అది నా పని కాదు, మీ పనీ కాదు. కాని దర్యాప్తు గురించి పేపర్లలో వచ్చిన ఒక సంగతి దగ్గర మీరంతా ఆగాలి. ఆ నంబర్లలో చాలావాటిని మావోయిస్టు సానుభూతిపరులవని రాసి సమీక్ష కమిటీకి పంపారట, కమిటీ సరేనందట. అదే నిజమైతే ఇక్కడ చట్టం తప్పించుకుని ఏదో మూల చీకట్లో జరిగిందేమీ లేదు. ఫైలు కదిలింది, సంతకాలు పడ్డాయి, సమీక్ష కూడా జరిగింది. కాగితం మీద అన్నీ సక్రమంగా ఉంటూనే ఎవరి ఫోనైనా వినొచ్చన్నమాట.

ప్రభుత్వం మారకపోతే ఇది బయటికి వచ్చేదా అని ఒక్కసారి మీ గుండె మీద చెయ్యి వేసుకుని ఆలోచించండి. నాకైతే వచ్చేదనిపించదు. ఐదేళ్ళకోసారి గద్దె మారితే తప్ప బయటపడని తప్పును ఆపేది ఏ సమీక్షా కాదు.

దీనికి మూలం చాలా పాతది. 1885 టెలిగ్రాఫ్ చట్టం, తెల్లవాళ్ళు తంతి వార్తల కోసం రాసుకున్నది. "ప్రజా అత్యవసర పరిస్థితి, ప్రజా భద్రత" అన్న రెండు మాటలు పెట్టి, ఎవరు ఎట్లా వినాలన్న పద్ధతి మాత్రం రాయలేదు. స్వాతంత్ర్యం వచ్చినా రాయలేదు. 111 ఏళ్ళు అట్లాగే గడిచింది. 1991లో రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్ మీద సీబీఐ నివేదిక బయటపడితే, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 డిసెంబర్ 18న తీర్పు వచ్చింది. ఫోన్లో మాట్లాడుకోవటం మనిషి గోప్యతలో భాగమని కోర్టు ఒప్పుకుంది. జడ్జి ముందస్తు అనుమతి ఉండాలని సంఘం అడిగితే మాత్రం, చట్టంలో లేనిదాన్ని మేం పెట్టలేం అంది. అప్పటికి ఒక ఆసరాగా హోం కార్యదర్శి, సమీక్ష కమిటీ అనే ఏర్పాటు చేసి, సరైన నిబంధనలు మీరు చేసుకోండని ప్రభుత్వానికి వదిలింది. ఆ తాత్కాలిక ఏర్పాటునే 2007లో నిబంధనగా రాసుకున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్క గొంతుతో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. అప్పుడైనా మారుతుందనుకున్నాం. 2018 డిసెంబర్ 20న కేంద్రం పది సంస్థలకు మన కంప్యూటర్లలో ఉన్నదీ, వచ్చేదీ, పోయేదీ చూసే అధికారం ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2021లో పెగాసస్, అంటే మనకు తెలియకుండా ఫోన్లోకి దూరి అన్నీ చూసే నిఘా సాఫ్ట్‌వేర్, గొడవ వచ్చింది, సుప్రీంకోర్టు కమిటీ వేసింది, ఆ కమిటీకి కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ నిండు కోర్టులోనే చెప్పారు. మన తెలుగాయన నోటి నుంచి ఆ మాట వింటుంటే నాకు బాధేసింది.

ఎంపీలకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. 1885 చట్టాన్ని మార్చే అవకాశం 2023 డిసెంబర్‌లో మీ ముందుకే వచ్చింది. టెలికమ్యూనికేషన్ల బిల్లు 20న లోక్‌సభ దాటింది, 21న రాజ్యసభ దాటింది. రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్లో ఉన్న వారం అది. 138 ఏళ్ళ తర్వాత కొత్త చట్టం రాసుకుంటూ అందులో మళ్ళీ అవే మాటలు, ప్రజా అత్యవసర పరిస్థితి, ప్రజా భద్రత. 2024 డిసెంబర్ 6న నిబంధనలు వచ్చాయి, మళ్ళీ అదే ముగ్గురు కార్యదర్శుల కమిటీ. ఇంగ్లిష్ వాళ్ళు రాసిందని ఇన్నాళ్ళూ ఒక సాకు ఉండేది. ఇప్పుడు రాసింది మనమే, అడ్డుకోనిది మీరే.

దేశ భద్రత మాటేమిటని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. హైదరాబాద్‌లో గోకుల్ చాట్, లుంబినీ పార్క్, దిల్‌సుఖ్‌నగర్ చూసినవాళ్ళం, బాంబు పెట్టబోయేవాడి ఫోన్ వినొద్దని నేను అనను. వినండి, కాని జడ్జిని అడిగి వినండి. అర్ధరాత్రి అవసరమైతే ముందు విని రెండు రోజుల్లో జడ్జికి చూపించండి. అమెరికాలో మనవాళ్ళు లక్షల్లో ఉన్నారు, అక్కడి పద్ధతీ గొప్పదేం కాదు, విదేశీయుల మీద నిఘా పేరుతో సొంత జనం మాటలు కూడా పోగుచేశారని అక్కడా పెద్ద గొడవ జరిగింది. అయినా మామూలు నేరాల కేసులో ఫోన్ వినాలంటే అక్కడ 1968 నుంచి జడ్జి ఉత్తర్వు కావాలి, ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారో ఏటా అచ్చేస్తారు, వినటం ముగిశాక ఆ మనిషికి నోటీసు పంపుతారు. బ్రిటన్లో మంత్రి సంతకం పెట్టినా 2016 చట్టం ప్రకారం మళ్ళీ జడ్జి హోదా ఉన్న కమిషనర్ సరేననాలి. గూఢచారి సంస్థల్ని చూసుకోవటానికి అక్కడ పార్లమెంటు సభ్యుల కమిటీ 1994 నుంచీ ఉంది. మన ఇంటెలిజెన్స్ బ్యూరో 1887లో పుట్టింది, ఇప్పటికీ దానికంటూ పార్లమెంటు చేసిన ఒక చట్టం లేదు. 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ ఈ సంస్థల మీద పార్లమెంటు కన్ను ఉండాలని ప్రైవేటు బిల్లు, అంటే ప్రభుత్వం తరఫున కాకుండా సభ్యుడిగా సొంతంగా తెచ్చే బిల్లు, పెట్టారు, అది అక్కడే ఉండిపోయింది. ఆయన సొంత పార్టీయే అప్పుడు అధికారంలో ఉంది.

జడ్జి లేడు, సభ లేదు, అడిగేవాడు లేడు అని ఒకసారి తెలిశాక ఆ ధైర్యం కిందిదాకా పాకుతుంది. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండి మీద పోయే కుర్రాళ్ళను ఆపి, ఫోన్ తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట కోసం వెతికిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఒక పిల్లాడు జేబులోంచి ఫోన్ తీసి, లాక్ తీసి, రెండు చేతులతో అందించాడు. కాగితం ఏదని అడగాలని వాడికి తట్టలేదు. ఇంట్లో మేమూ నేర్పలేదు, బళ్ళో ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు మీరేం చెయ్యగలరో చెప్తాను. టెలికం చట్టం ఢిల్లీ చేతిలో ఉందని ఎమ్మెల్యేలు తప్పుకోవద్దు. రాష్ట్రంలో ఉత్తర్వు ఇచ్చేది రాష్ట్ర హోం కార్యదర్శే, పోలీసు శాఖ రాష్ట్రానిదే, ఆ శాఖ పద్దుకు ఏటా బడ్జెట్ సమావేశాల్లో చెయ్యెత్తి డబ్బిచ్చేది మీరే. ఆ రోజు లేచి అడగండి. గడిచిన సంవత్సరంలో ఎన్ని ట్యాపింగ్ ఉత్తర్వులు ఇచ్చారు, అత్యవసరం పేరుతో ఎన్ని మొదలయ్యాయి, సమీక్ష కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్నింటిని కొట్టేసింది. పేర్లు వద్దు, నంబర్లు వద్దు, కేసుల వివరాలు వద్దు, అంకెలు చాలు. ఏ రహస్యమూ పోదు. కమిటీ ఇప్పటిదాకా ఒక్కదాన్ని కూడా కొట్టేయలేదని తేలితే మనకు కావలసిన జవాబు అందులోనే ఉంది. ఆ అంకెలు ఏటా సభ ముందు పెట్టాలని తీర్మానం చెయ్యండి, అధికార పక్షం, ప్రతిపక్షం కలిసి ఒక సభా కమిటీ వేసి ఎస్ఐబీలాంటి విభాగాల ఖర్చూ పనీ దాని ముందుకు రప్పించండి. ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళు దీన్ని అధికార పార్టీని తిట్టడానికి వాడుకుని వదిలేయకండి, రేపు మీరు కుర్చీలోకి వచ్చినప్పుడు కూడా ఇదే కమిటీ మిమ్మల్ని అడగాలి, అందుకు ఇవాళే ఒప్పుకోండి.

ఎంపీలు 2023 చట్టానికి సవరణ పెట్టండి. జడ్జి ముందస్తు అనుమతి, పని ముగిశాక ఆ మనిషికి నోటీసు, తప్పుగా విన్నారని తేలితే పరిహారం, ఈ మూడూ చట్టంలోనే ఉండాలి, నిబంధనల్లో కాదు. నిబంధన రాత్రికి రాత్రి మారుతుంది. ప్రైవేటు బిల్లు నెగ్గదని తెలుసు. అయినా పెట్టండి, మన రెండు రాష్ట్రాల ఎంపీల్లో ఎవరెవరు సంతకం చేశారో మేం చూసుకుంటాం.

ఈ ఉత్తరం ఫోన్లోనే రాశాను, వాట్సాప్‌లోనే మీకు పంపుతున్నాను. మీ జవాబు కూడా అందులోనే పంపండి, అమ్మకు చదివి వినిపిస్తాను. చెల్లి ఆదివారం ఫోన్ చేస్తుంది.

ఇట్లు,
మీ ఓటరు